మూడో పడవలో నా పేరు

"ఈ లిస్టులో మనుషులకంటే తప్పులే ఎక్కువున్నాయి," అంటూ ఆ కాగితాన్ని నా కీబోర్డు మీద పడేసి వెళ్లిపోయింది ఎర్రపెన్ను.

ఎర్రపెన్ను అంటే మా ప్రెస్‌లో ప్రూఫులు దిద్దే అమ్మాయి. నేను పేజీలు కంపోజ్ చేసేవాణ్ణి. నా టైపింగ్ పుణ్యమా అని నాకు 'అచ్చుతప్పు' అని పేరు పెట్టింది. నాలుగేళ్లుగా నా తప్పులన్నీ పట్టుకుంటోంది గానీ, నేను ఆమెను ప్రేమిస్తున్న సంగతి మాత్రం ఇంతవరకూ పట్టుకోలేదు.

ఆ ఎండాకాలం ప్రెస్‌లో అందరం కలిసి సరస్సుకి వెళ్దామనుకున్నాం. రెండు రోజులు. పొద్దున ఈత, సాయంత్రం పడవ షికారు, రాత్రికి ఒడ్డునే టెంట్లు. మా ఓనరు ఎర్రపెన్నుకి స్వయానా మేనమామ కాబట్టి వాళ్లింట్లో కూడా పేచీ రాలేదు. ఆయనకు అచ్చంటే పిచ్చి. పిక్నిక్ లిస్టయినా సరే, కంపోజ్ కావాలి, ప్రూఫ్ చూడాలి, సరిచేసి గోడకి అంటించాలి.

పడవకి ఇద్దరు. ఎవరి పక్కన ఎవరో రాసే పని నా చేతికి వచ్చింది. ఇంకేం కావాలి? మొదటి పడవలో ఓనరు, ఆయన భార్య. రెండో దాంట్లో మెషిన్ మావయ్య, బైండింగ్ అక్క. మూడో దాంట్లో ఎర్రపెన్ను, అచ్చుతప్పు. నాలుగో దాంట్లో ఈత మాస్టారు ఒక్కరే.

నా పథకం చాలా చిన్నది. సరస్సు మధ్యకి వెళ్లాక మనసులో మాట చెప్పేయాలి. అక్కడైతే ఆమె లేచి వెళ్లిపోలేదు. ప్రెస్‌లో నేను నోరు తెరిస్తే చాలు, "ఆ వాక్యానికి క్రియ లేదు," అని పక్క టేబుల్‌కి పోతుంది.

కాగితం తీసి చూశాను. మూడో పడవ దగ్గర ఆగిపోయాను.

నా పేరు మీద ఎర్రగీత. మార్జిన్‌లో ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఈత మాస్టారు'.

ఆ ఎర్రగీత చూశాక నా కళ్లకి ఇంకేమీ ఆనలేదు. ఈత మాస్టారు బైండింగ్ అక్కకి తమ్ముడు. మాలో ఒక్కరికీ ఈత రాదని అక్కే పిలిచింది. మాస్టారు అంటే ఏ బట్టతల పెద్దాయనో అనుకుని నేనూ తలూపాను. అంతకు ముందురోజు ఆ మనిషి ప్రెస్‌కి వచ్చాడు. ఆరడుగుల ఎత్తు. పొట్ట అనేది మచ్చుకైనా లేదు. ఎర్రపెన్ను అతన్ని చూసి నవ్వింది కూడా. నాకు ఆ నవ్వు దక్కాలంటే కనీసం నాలుగు అచ్చుతప్పులు చేయాలి.

సరే, కొట్టేస్తే కొట్టేసింది. పౌరుషం నాకూ ఉంది. ఆమె పక్కన మాస్టారిని పెట్టి, నన్ను నాలుగో పడవలో ఒంటరిగా కూర్చోబెట్టుకుని, ప్రింటు తీసి గోడకి అంటించేశాను.

మర్నాడు ఆమె గోడ ముందు చాలాసేపు నిలబడింది. ఆ రోజంతా నా ప్రూఫుల్లో ఒక్క వెటకారమైనా రాయలేదు. పోనీలే, నా అవసరం తీరిపోయింది కాబోలు అనుకుని ఇంకా కుళ్లిపోయాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం మాస్టారు పెద్ద సంచీతో లైఫ్ జాకెట్లు తెచ్చాడు, ఎవరికి ఏ సైజో చూడటానికి. మొదట ఎవరికి తొడిగాడో వేరే చెప్పాలా?

"గట్టిగా ఉందాండీ?" అంటూ ఆమె భుజం దగ్గర బకిల్ బిగించాడు.

"మీరు పక్కనుంటే వదులుగా ఉన్నా ఫర్వాలేదు," అంది ఆమె. అంటూ ఓరగా నా వైపు చూసింది.

నా జాకెట్ బకిల్ ఎంత లాగినా పడలేదు.

"ఊపిరి బిగబట్టు బ్రదర్," అన్నాడు మాస్టారు.

"రెండ్రోజుల్నుంచీ ఆ పనిలోనే ఉన్నాను," అన్నాను.

బైండింగ్ అక్క పగలబడి నవ్వింది. మాస్టారు మా అందర్నీ వరసగా నిలబెట్టి, చేతులు గాల్లో తిప్పిస్తూ ఈత ఎలా కొట్టాలో చూపించాడు. ఎర్రపెన్ను మోచెయ్యి పట్టుకుని "ఇలా వంచాలి" అన్నాడు. నా మోచెయ్యి మాత్రం దూరం నుంచే చూసి "సూపర్ బ్రదర్" అన్నాడు.

నా చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, కీబోర్డు. సాయంత్రానికల్లా పిక్నిక్ పనుల లిస్టు తయారుచేశాను. పది నిమిషాల్లో ఆ కాగితం పట్టుకుని ఆమె వచ్చేసింది.

"గిన్నెలు కడగడానికి నా పేరు మూడుసార్లు వేశారు. అచ్చుతప్పా?"

"కాదు. చూసే వేశాను."

"మాస్టారి పేరు ఏ పనిలోనూ లేదేం?"

"ఆయనకి మిమ్మల్ని మునగకుండా చూసుకునే పనుందిగా. చేతులు ఖాళీ ఉండవు."

"మీకెందుకండీ అంత మంట?"

"నాకేం మంట! ఎండాకాలం కదా, అందరికీ ఉంటుంది."

ఆమె పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. ఇంకో మాట అడిగితే బయటపడిపోయేవాణ్ణేమో. కానీ నా నోరు ఊరుకోదుగా.

"అసలు నేను రావట్లేదు. బస్సు లిస్టులో నా పేరు కొట్టేయండి. మీకు అలవాటేగా."

బయట ఉన్నట్టుండి వాన మొదలైంది. ఇంటికి బయల్దేరిన వాళ్లంతా పరుగెత్తి వెళ్లిపోయారు. లోపల మేమిద్దరమే మిగిలాం.

"అలవాటా? నన్ను ఆయన పక్కకి తోసింది మీరు. ఒంటరిగా వేరే పడవ ఎక్కింది మీరు. ఇప్పుడు రానంటున్నదీ మీరే. కొట్టేయడం నాకు అలవాటా?"

"భలేవారే! నా పేరు మీద గీత గీసింది ఎవరు?"

"ఆ ప్రూఫ్ తియ్యి," అంది.

నాలుగేళ్లలో మొదటిసారి నన్ను 'నువ్వు' అంది. కోపంతోనే అనుకోండి. పాత ప్రూఫులు గుచ్చే మేకు నుంచి ఆ కాగితం లాగి ఆమె ముందు పెట్టాను. ఆమె నా పేరు కింద వేలు పెట్టింది.

"ఇవేంటి?"

చుక్కలు. సన్నటి ఎర్రచుక్కలు ఐదు.

ప్రూఫులు చూసేవాళ్ల లెక్కలో, కొట్టేసిన మాట కింద చుక్కలు పెడితే కొట్టివేత చెల్లదని అర్థం. ఆ మాట ఎక్కడున్నది అక్కడే ఉండాలి. మార్జిన్‌లో ఉన్న 'ఈత మాస్టారు' మీద కూడా అడ్డంగా ఓ సన్నటి గీత కనిపించింది. దాన్ని నేను పెన్ను జారిన గీత అనుకున్నాను కాబోలు! ఇన్నేళ్లలో ఆమె పెట్టిన ఒక్క చుక్కనైనా వదలనివాణ్ణి, నా సొంత పేరు కింద ఐదింటిని వదిలేశాను.

"అక్క వచ్చి, నీకు ఈత రాదు కదా, మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకో అంది," అంది ఆమె. "సరేనని నీ పేరు కొట్టేశాను. కొట్టేశాక ఆ గీత చూస్తూ కూర్చుంటే నాకే బాగోలేదు. చుక్కలు పెట్టాను. నీకు అర్థమవుతుందనుకున్నా. తెల్లారి గోడ మీద చూస్తే నువ్వు వేరే పడవలో ఉన్నావు. నా పక్కనకంటే ఖాళీ సీటు పక్కనే నయమనుకున్నావని..." కాగితం పక్కకి తోసేసింది. "ఇంటికెళ్లి ఏడ్చాను, తెలుసా?"

"మరి జాకెట్ వదులుగా ఉన్నా ఫర్వాలేదన్నావు?"

"నువ్వు వింటున్నావనే అన్నాను. మండాలని."

"మండింది."

"గిన్నెల లిస్టు చూస్తే తెలిసింది," అని కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది.

ఆ నవ్వు చూసి, సరస్సూ వద్దు పడవా వద్దు, ఇక్కడే చెప్పేద్దామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఓనరుగారు గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చారు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంట్రా?"

"పడవల లిస్టులో తప్పు దొర్లింది మావయ్యా. సరిచేస్తున్నాం," అంది ఆమె, నా కుర్చీ వెనక్కొచ్చి నిలబడి. ఆ పూట రెండే పేర్లు మార్చడానికి నాకు పావుగంట పట్టింది.

పై ఆదివారం ఆ సరస్సు మీద మూడో పడవ పావుగంట నుంచి ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది. నేను ఒకవైపు తెడ్డు వేస్తుంటే ఆమె ఇంకోవైపు వెనక్కి లాగుతోంది. ఓనరుగారి పడవ అప్పటికే ఒడ్డుకి చేరింది. మా వెనకాల నాలుగో పడవలో మాస్టారు నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"నీకో మాట చెప్పాలి," అన్నాను.

"పూర్తి వాక్యంలో చెప్పు."

"నువ్వంటే నాకు ప్రాణం. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

ఆమె తెడ్డు ఒళ్లో పెట్టుకుంది. నీళ్లు చుక్కలు చుక్కలుగా ఆమె కాళ్ల మీద పడుతున్నాయి.

"తప్పుల్లేవు," అంది చివరికి. "కానీ మావయ్యని నువ్వే అడగాలి. నేను పక్కనుంటాను."

"ఎప్పుడు?"

"ఒడ్డుకి చేరగానే."

"కుడివైపు వెయ్యి బ్రదర్! ఆవిణ్ణి ఎడమవైపు వెయ్యమను! ఇద్దరూ కలిసి!" వెనక నుంచి మాస్టారు అరిచాడు.

ఆ మనిషి చెప్పిన మాట మొట్టమొదటిసారి విన్నాను. పడవ తిన్నగా ఒడ్డుకేసి కదిలింది.