ఊడవని గుమ్మం

ఇంట్లోంచి ఎవరైనా ప్రయాణమై వెళ్తే, చేరామని కబురు చెప్పేదాకా హైమావతి ఇల్లు ఊడ్చేది కాదు. కెనడా వచ్చి మిస్సిసాగాలో ఇన్నేళ్ళున్నా ఆ పట్టింపు పోలేదు. భర్త భరద్వాజ్‌కి అదో వేళాకోళం. సెప్టెంబరులో ఆఫీసు పని మీద జపాన్ వెళ్ళాడు. సముద్రంలో మట్టి పోసి, దీవి చేసి కట్టిన ఓ చిన్న ఎయిర్‌పోర్టులో దిగి ఫోన్ చేశాడు.

"దిగానే. ఒకటే గాలివాన. బ్రిడ్జి దాటి హోటల్‌కి చేరాక మళ్ళీ చేస్తా. అప్పటిదాకా నీ చీపురుకి సెలవు."

ఆ ఫోన్ రాలేదు. వంతెన కింద సముద్రంలో ఆయనెక్కిన టాక్సీ దొరికింది. మనిషి దొరకలేదు.

హైమావతి మళ్ళీ గుమ్మం దగ్గర ఊడవలేదు. చలికాలం రాగానే మ్యాట్ మీద తెల్లటి మరకలు కనిపించాయి. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పేలే అనుకుంది. కానీ అవి అడుగులు. లోపలికి వస్తున్న అడుగులు. రోజుకింత జరుగుతూ హాల్లోని మేడ మెట్ల దాకా వచ్చాయి. దగ్గరికెళ్తే సముద్రం వాసన. ఆమెకి భయం వేయలేదు, ఏడుపొచ్చింది. ఇంకొంచెం ఓపిక పడితే మనిషి ఇంటికొచ్చేస్తాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం సాయంత్రం ఆమె స్నానం చేసి వచ్చేసరికి హాలంతా అద్దంలా ఉంది. కాల్గరీ తిరిగి వెళ్ళబోతూ కూతురు చరిత వాక్యూమ్ పెట్టేసింది.

"ఎంత పని చేశావే!"

"ఎనఫ్ అమ్మా. నాన్న రారు. ప్లీజ్..." చరిత కళ్ళు తుడుచుకుంటూ, సూట్‌కేసు లాక్కుంటూ వెళ్ళిపోయింది.

హైమావతి మొహం కప్పుకుని ఏడ్చింది. తలెత్తి చూస్తే... నేల మీద తడి అడుగులు. ఈసారి బయటికి.

"వెళ్ళకండి..."

తలుపు తీసింది. మంచు మీద చరిత బూట్ల గుర్తులు, సూట్‌కేసు చక్రాల గీతలు. పక్కనే ఇంకో జత అడుగులు. సగం దూరం పోయాక చక్రాల గీతలు లేవు. కూతురి పెట్టె ఎప్పుడూ ఆయనే మోసేవాడు.

ఆమె ఇంకా గుమ్మంలోనే ఉండగా, రాత్రి ఫోన్ మోగింది.

"అమ్మా, ఫ్లైట్ ఎక్కేశా." చరిత గొంతు తగ్గించింది. "పక్క సీట్లో ఎవరూ లేరు. కానీ సీటంతా తడిగా ఉంది. ఏదో ఉప్పు వాసన..."

"దిగిపో తల్లీ!"

"డోర్స్ క్లోజ్ చేసేశారమ్మా. చేరాక చేస్తా."

చేరాక... హైమావతి వెనక్కి చూసింది. బిడ్డ ప్రయాణంలో ఉంది. ఇల్లు ఊడ్చేసి ఉంది.

వాక్యూమ్ డబ్బా ఊడదీసి, దుమ్మంతా తిరిగి నేల మీద గుమ్మరించింది. దుమ్ము కాదు, తడి ఇసుక. అరచెయ్యంత డబ్బా... ఇసుక పడుతూనే ఉంది.