పన్నెండక్షరాల పెళ్ళికొడుకు

“మీ పుట్టుమచ్చ కారిపోతంది. తుడుసుకోండి.”

కృపాజ్యోతి ఆ మాట అనేసరికి కౌంటరుకి అవతల నిలబడ్డ అబ్బాయి గతుక్కుమన్నాడు.

బయట కుండపోతగా వాన. అనకాపల్లి బస్సు కాంప్లెక్సు ఎదురుగా ఉన్న ఆ జిరాక్సు షాపు రేకుల మీద ఎవరో శనగలు వేయిస్తున్నట్టు ఒకటే చప్పుడు. అబ్బాయి తలమీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎడమ బుగ్గ మీదున్న నల్లచుక్క కరిగి, గీతగా సాగి, గడ్డం దాకా వచ్చి, ఇక ఎటు పోవాలో తెలియనట్టు అక్కడ ఆగింది.

“అది నిజం మచ్చేనండి,” అన్నాడతను.

“నిజం మచ్చలు కారవండి. ఇంకు సుక్కా, కాటిక సుక్కా?”

అతను తల వంచుకున్నాడు. “మా యమ్మ కాటిక.”

అతని పేరు రూఫస్. ఐటీఐ చదివాడు. మోటార్లు వైండింగు చేస్తాడు. పదకొండు గంటలకి విశాఖపట్నంలో ఒక కంపెనీలో సర్టిఫికెట్ల వెరిఫికేషను. రెండు సెట్లు జిరాక్సు కావాలి. అంతవరకూ బాగానే ఉంది. జ్యోతి పదో తరగతి మెమో మిషను మీద పెట్టబోతూ కింది వరస చదివింది. గుర్తింపు చిహ్నాలు: ఎడమ బుగ్గ మీద ఒక పుట్టుమచ్చ.

మెమో చూసింది. ముఖం చూసింది. మళ్ళీ మెమో చూసింది.

“కాయితం మీద మచ్చ ఉంది, మనిషి మీద లేదు,” అంది.

“అందుకేనండి, వెరిఫికేషనుకెళ్ళినప్పుడల్లా పెట్టుకుంటాను. ఎండాకాలం ఇబ్బంది లేదు.”

“మరి మెమోలోకెలా ఎక్కింది?”

“అదో పెద్ద కథలెండి. బస్సెళ్ళిపోతది.”

జ్యోతి నవ్వు ఆపుకుని రెండో కాయితం తీసింది. అది హైస్కూలు ఇచ్చిన కాండక్ట్ సర్టిఫికెట్. నడవడి ఎలాంటిదని ఉన్న గడిలో ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట: సాటిస్‌ఫాక్టరీ. చివరి అక్షరం తోక గేదె తోకలా చుట్ట చుట్టుకుని ఉంది.

ఆ తోక జ్యోతికి బాగా తెలుసు. ఆ తోక వాళ్ళ నాన్నది.

ఈసారి నవ్వు ఆగలేదు.

“ఏటండీ నవ్వుతారు?” రూఫస్ ముఖం చిన్నబోయింది. “థర్డు క్లాసు మెమో చూసి నవ్వలేదు, బంగారంలాంటి కాయితం చూసి నవ్వుతన్నారు. మా వీధిలో అందరికీ గుడ్ అనే రాసేరు. నాకొక్కడికే అంత పొడుగు మాట. మా యమ్మ దీన్ని ఫ్రేము కట్టించి గోడకి తగిలించింది. ఇయ్యాల ఫ్రేములోంచి తీసిచ్చి, మడతెడితే సంపేత్తానంది.”

నాలుక చివరి దాకా వచ్చిన మాటని జ్యోతి మింగేసింది.

సంగతేమిటంటే, వాళ్ళ నాన్న కృపానిధి గారు ఆ హైస్కూల్లో ముప్పై ఒక్కేళ్ళు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. మార్కులు వేసేది మాస్టర్లయితే మనుషులకి తరగతులు వేసేది తానేనని ఆయన నమ్మకం. కాండక్ట్ గడిలో రాయడానికి ఆయనకి సొంత పద్ధతి ఒకటి ఉండేది. ఎక్సలెంట్ ఎవరికీ రాయరు. అది ఏసుప్రభువుకి తప్ప చెల్లదంటారు. వెరీ గుడ్ క్లాసు లీడర్లకి. గుడ్ లోకానికంతటికీ. బ్యాడ్ అని మాత్రం చస్తే రాయరు. ఒక్క మాటతో పిల్లాడి అన్నం చెడగొట్టకూడదు కదా. కానీ ఆయన్ని ఏడిపించినవాళ్ళని ఊరికే వదలడానికి మనసొప్పదు. వాళ్ళకి సాటిస్‌ఫాక్టరీ. చదివినవాళ్ళు తృప్తికరం అనుకుంటారు. రాసినాయనకి మాత్రం అది అట్టడుగు మెట్టు.

జ్యోతి ఆ కథంతా చెప్పలేదు. సంచీలోంచి కాటుక పెన్సిలు తీసిచ్చింది. “ఇది వానకి కారదు. పెట్టుకోండి.”

అద్దం లేదు. రూఫస్ జిరాక్సు మిషను గాజులో చూసుకుంటూ చుక్క పెట్టుకోబోయాడు.

“ఇంకాస్త కిందకి. మెమోలో బుగ్గనుంది, సెవని లేదు.”

“ఇక్కడా?”

“అక్కడే.”

వెరిఫికేషనుకి వెళ్ళేవాడి బుగ్గని అంతసేపు పరీక్షగా చూడాల్సిన పని జిరాక్సు షాపులో అమ్మాయికి లేదు. ఆ సంగతి అతను వెళ్ళిపోయాక గాని జ్యోతికి తోచలేదు.

ఉద్యోగం వచ్చింది. మూడోరోజున పెన్సిలు తిరిగివ్వడానికి వచ్చాడు. అయిదో రోజున జిరాక్సుకి వచ్చాడు. ఆ తరవాత ప్రతి శనివారం వచ్చాడు. నెలన్నరలో ఆ థర్డు క్లాసు మెమోకి నలభై కాపీలు తీయించాడు.

“ఇన్ని కాపీలు ఏటి సేసుకుంటారు? పొట్లాలు కడతారా?” అంది జ్యోతి.

“మా యమ్మకి బెల్లం మార్కెట్టు దగ్గర టిఫిన్ బండుందండి. గారెల కింద బాగా పనికొత్తన్నాయి.”

“పాపం. గారెలక్కూడా థర్డు క్లాసొచ్చేసింది.”

“మూడు మార్కులండి. ఆరొందలకి మూడొందలొస్తే సెకండు క్లాసు. రెండొందల తొంభై ఏడు దగ్గర ఆగిపోయేను. ఆ మూడూ హిందీ మింగేసింది.”

“హిందీలో ఎంతేటి?”

“ఇరవై ఒకటి. ఇరవైకే పాసు కదండీ. పైన ఒకటి నా కష్టార్జితం.”

జ్యోతి మిషను మూత వేయడం మరిచిపోయి నవ్వింది. ఆ వెలుగు గాజు మీదుగా ఆమె ముఖం మీద ఇటునుంచి అటు పాకిపోయింది. రూఫస్‌కి అడగాల్సిన సందేహం ఒకటి అప్పటికప్పుడు పుట్టుకొచ్చింది.

“మీ ఇంటరు మెమోలో బీ గ్రేడంట. అంటే ఏటండీ?”

“వందకి అరవై దాటి, డెబ్భై అయిదు అందుకోనోళ్ళు.”

“కంపార్ట్‌మెంటల్ అంటే?”

“ఒక్క దెబ్బకి దాటలేక, రెండోసారి రాసి గట్టెక్కినోళ్ళు.”

“మరి విత్‌హెల్డ్?”

“పాసూ కాదు, ఫెయిలూ కాదు. ఏదో కాయితం రావాలి. అది వచ్చేదాకా రిజల్టు ఆపుతారు.”

రూఫస్ నలభయ్యో కాపీని జాగ్రత్తగా చుట్టచుట్టాడు. “అయితే నాది అదేనండి. పరీక్ష ఎప్పుడో రాసేసేను. మీరు రిజల్టు సెప్పట్లేదు.”

బయట వాన లేదు. ఉన్నా జ్యోతికి వినపడేది కాదు. తల ఎత్తకుండానే అంది: “నాకాడ పాసే. మా నాన్న కాడ రాయాలి.”

*

కృపానిధి గారు అంతా విన్నారు. అబ్బాయి ఆర్‌సీఎం అంటే, వాళ్ళు క్యాథలిక్కులు, తాము బాప్టిస్టులైనా, కంగారు పడలేదు. “పాస్టరు గారూ వాళ్ళ ఫాదరూ కూర్చుంటే అది తేలిపోద్ది,” అన్నారు. ఉద్యోగం అడిగారు. తలూపారు. తరవాత కళ్ళజోడు తుడుచుకున్నారు.

“జాతకాలు మనం చూడం. హైస్కూల్లో ఇచ్చిన కాండక్ట్ సర్టిఫికెట్ ఉంటది కదా. ఆదివారం అది పట్రమ్మను. సాటిస్‌ఫాక్టరీ కానివాడు ఎవడైనా నాకు సమ్మతమే.”

జ్యోతి ఆదివారానికి ఎన్ని రోజులుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

మర్నాడు రూఫస్‌కి మొత్తం చెప్పేసింది. ఎక్సలెంట్ దగ్గర మొదలుపెట్టి అట్టడుగు మెట్టు దాకా. అతను జేబులోంచి మెమో కాపీ తీసి, విప్పి, మళ్ళీ చుట్టచుట్టాడు. తన పెళ్ళి గురించి బెంగపడుతున్నాడనుకుంది.

“మా యమ్మకి సెప్పకండి,” అన్నాడు చివరికి. “ఆదివారం ఆ ఫ్రేము ఆవిడే మోసుకొత్తానంది.”

“మీరేం సేసేరో గుర్తు తెచ్చుకోండి ముందు. మా నాన్న ఊరికే రాయరు.”

“బడిలో నేనేం సేసేనండీ. పదిమందికి సాయం సేసేను, అంతే.”

*

ఆదివారం చర్చి అయ్యాక రూఫస్ తల్లి లూర్దు మేరీ నీలం చీర కట్టుకుని, తువ్వాలులో చుట్టిన ఫ్రేముని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది. వెనకాల రూఫస్, కోతకి తెచ్చిన కోడిలా. జ్యోతి కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

లూర్దు మేరీ తువ్వాలు విప్పి ఫ్రేముని కృపానిధి గారి ముందు బల్ల మీద నిలబెట్టింది.

“ఇది తమరే రాసేరంట కదా బాబూ. మీ సేతికి దండం పెట్టాలని ఏడేళ్ళ బట్టి అనుకుంటన్నాను.”

కృపానిధి గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. తన గేదె తోకని తానే గుర్తుపట్టారు. కనుబొమలు ముడిపడ్డాయి. నోరు తెరిచారు.

లూర్దు మేరీ ఆయనకి సందివ్వలేదు. “మా వీదిలో పిల్లలకి ఏదో నాలుగచ్చరాల మాట రాసేరు. పక్కింటి తలుపులమ్మ కొడుక్కీ నాలుగే. నాను లెక్కెట్టేను బాబూ, మావోడికి పన్నెండు. నాకప్పటికి అచ్చరం ముక్క రాదు. మావోడికి ఇంత పెద్ద మాట రాత్తే, తల్లినై ఉండి సదవలేకపోతే ఎలాగని రాత్రి బడికెళ్ళేను. తెలుగు నేర్సుకున్నాక ఇంగిలీసు అచ్చరాలు కూడా అడిగి నేర్సుకున్నాను, ఈ ఒక్క మాట కోసం.”

వేలితో ఒక్కొక్క అక్షరం మీద ఆగుతూ పైకి చదివింది. ఎస్. ఏ. టీ. ఐ. తోక దగ్గరికొచ్చాక, దాని చుట్ట వెంబడే వేలు ఒక చుట్టు తిప్పింది.

జ్యోతి కాఫీ గ్లాసులు గుమ్మం పక్కనే కింద పెట్టేసింది. ఇప్పుడు నాన్న ఒక్క మాటంటే పెళ్ళొక్కటే కాదు, ఆవిడ గోడ మీద ఆ ఫ్రేము కూడా మిగలదు.

కృపానిధి గారు నోరు మూసుకున్నారు. మంచినీళ్ళు తాగారు. గొంతు సవరించుకున్నారు.

“అమ్మా,” అన్నారు, “ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో ఈ మాట నేను తొమ్మిది మందికే రాసేను.”

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

“తొమ్మిది మందికే,” అంది లూర్దు మేరీ కళ్ళు తుడుచుకుంటూ.

“నువ్వోసారి పెరట్లోకి రావయ్యా,” అన్నారాయన రూఫస్‌తో.

జ్యోతి వంటింటి కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

“పదకొండు మంది,” అంటున్నారు నాన్న, గొంతు తగ్గించి. “టెన్తు క్లాసు జాబితా పంపితే పై ఆఫీసు నుంచి తిప్పి కొట్టేరు. ఒకే బడిలో పదకొండు మందికి ఎడమ బుగ్గ మీద ఒకేచోట మచ్చ ఎలా వచ్చిందో సంజాయిషీ రాయమన్నారు. నా సర్వీసులో ఒకే ఒక్క సంజాయిషీ అది. జాబితా మూడు కాపీలూ మళ్ళీ రాసేను. పదిమందిని నిలబెట్టి అసలు మచ్చలు వెతికేను. చుక్కలు పెట్టినోడిది మాత్రం మార్చలేదు. నీ మచ్చ నువ్వే మొయ్యమని.”

“అది మీకు తెలిసిపోయిందా అండీ,” అన్నాడు రూఫస్ నీరసంగా.

“ఎందుకు పెట్టేవు?”

“మా క్లాసులో పరదేశని ఒకడుండేవాడండి, ఆడికి ఎంత వెతికినా ఒక్కటే మచ్చండి. రెండు లేకపోతే హాల్ టికెట్టు రాదని ఎవరో సెప్పేరు. అన్నం తినకుండా ఏడుత్తన్నాడు. ఆడికి పెన్నుతో పెట్టేను. ఆణ్ణి సూసి ఇంకో తొమ్మిది మంది లైను కట్టేరు.”

“మరి నీకు?”

“నాకు ఈపు మీద రెండున్నాయండి.”

“ఉండి కూడా బుగ్గ మీదెందుకు పెట్టుకున్నావు?”

“దొరికిపోతే ఆళ్ళు పదిమందే ఇరుక్కుంటారు కదండీ. పెట్టినోణ్ణి నేనూ ఉండాలి కదా.”

అరటిచెట్టు మీద కాకి ఒకటి అటూ ఇటూ చూసి వెళ్ళిపోయింది. జ్యోతి కిటికీ ఊచల్ని పిండేస్తోంది.

“ఈ సంగతి ఆ రోజే సెప్పుంటే ఏం పోయింది?” అన్నారు నాన్న చివరికి. “వెరీ గుడ్ రాసేవాణ్ణి.”

“వద్దులెండి,” అన్నాడు రూఫస్. “అందులో ఎనిమిదచ్చరాలే.”

నాన్న నవ్వు ఎలా ఉంటుందో జ్యోతి మరిచిపోయి చాలా రోజులైంది. ముందు దగ్గేమో అనుకుంది.

ఆయన లోపలికొచ్చి, ఫలితాలు చదివే గొంతుతో చెప్పారు. “అబ్బాయి రిజల్టు విత్‌హెల్డ్.”

లూర్దు మేరీ ముఖం వాడిపోయింది. “అంటే ఏటి తల్లీ?” అని జ్యోతి చెయ్యి పట్టుకుంది.

“పాసేనండి అత్తా,” అంది జ్యోతి. ఆ ‘అత్తా’ ఎప్పుడు నోట్లోంచి జారిందో ఆమెకే తెలీదు. “మా పాస్టరు గారి కాయితం, మీ ఫాదరు గారి కాయితం రావాలి. అంతే.”

“కాయితాలు ఎన్ని కావాలన్నా మావోడు జిరాక్సు తీయించేత్తాడు,” అంది లూర్దు మేరీ ధీమాగా. “నలభై తెచ్చి బండి మీదెట్టేడు.”

*

రెండు కాయితాలూ రావడానికి మూడు నెలలు పట్టింది. పెళ్ళి బాప్టిస్టు చర్చిలో. దీవెన ప్రార్థనకి ఫాదరు గారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

పెళ్ళికొడుకు మెట్లెక్కబోతుంటే లూర్దు మేరీ అడ్డంగా వచ్చి, కొడుకు గడ్డం పట్టుకుని, ఎడమ బుగ్గ మీద కాటుకతో బొట్టంత చుక్క పెట్టింది.

పాస్టరు గారు చూడనే చూశారు. “ఏటమ్మా ఇది? దిష్టి చుక్కలు మనకు లేవు కదా. తుడిచేయమనండి.”

లూర్దు మేరీ బిక్కచచ్చిపోయింది. రూఫస్ జేబురుమాలు తీశాడు. తెల్ల చీరలో ఉన్న జ్యోతి మేలిముసుగు వెనక నుంచి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

కృపానిధి గారు ఒక అడుగు ముందుకేశారు. అల్లుడి గడ్డం కాస్త వెలుతురుకి తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, చుక్క సరిగ్గా బుగ్గ మీదే ఉందో లేదో ముప్పై ఒక్కేళ్ళ అనుభవంతో సరిచూశారు.

“ఉండనివ్వండి పాస్టరు గారూ,” అన్నారు. “అది దిష్టి చుక్క కాదు. గవర్నమెంటు రికార్డు.”