కొట్టివేతలకు మార్కుల్లేవు

కాకినాడ పరీక్షా కేంద్రంలో గ్రూపు పరీక్ష మొదలై ఇరవై నిమిషాలైంది. నలుగురు పిల్లల మెడలకీ నల్లటి పట్టీలు, బల్ల మధ్య టిఫిన్ క్యారేజీ అంత యంత్రం. దాని పేరు వాటామీటర్.

నా సంగతీ చెప్పాలిగా. ముప్పై ఎనిమిదేళ్లలో తొమ్మిది లక్షల పేపర్లు దిద్దినవాణ్ణి. చేతిరాత చూసి, ఆ పిల్లాడు పొద్దున ఇడ్లీ తిన్నాడో పస్తున్నాడో చెప్పేవాణ్ణి. ఒకసారి నా ఎర్ర పెన్ను కింద పడితే స్పాట్ వాల్యుయేషన్ హాలు హాలంతా లేచి నిలబడింది. అంతటి నన్ను యంత్రం పక్కన కూర్చోబెట్టి, అది చెప్పిన మార్కుల కింద సంతకం చేయమన్నారు.

యంత్రం చేసేది సులువే. నలుగురూ కలిసి ఒక కథకి సారాంశం రాస్తారు. ఏ మాట మొదట ఎవరి నోట వచ్చిందో పట్టీలోని సెన్సర్ పట్టుకుంటుంది. చివరికి సారాంశంలోని ప్రతి వాక్యాన్నీ ఆ మాటలతో పోల్చి, ఎవరి వాటా ఎంత శాతమో చెబుతుంది. పది శాతం రానివాళ్లు ఆ ఏడు తప్పినట్టే.

ఎప్పటిలాగే చేతిరాత బాగున్న నూకరత్నానికి పెన్ను ఇచ్చేశారు. నాలుగు పేజీల కథ. వరదలో పడవ పోగొట్టుకున్న సరంగు, పదేళ్లకి దాన్ని వేరే రేవులో చూస్తాడు. టికెట్ కొని ఎక్కి, అవతలి ఒడ్డున దిగిపోతాడు.

"వరద ఎలా వచ్చిందో రాయి రత్నం," అన్నాడు ఇస్మాయిల్. రాసింది. "పెళ్లాం తిట్టింది కూడా." అదీ రాసింది. మిగతా ఇద్దరూ తలో పది వాక్యాలు చెప్పారు. అప్పుడు నూకరత్నం మాట్లాడకుండా కొట్టేయడం మొదలుపెట్టింది.

"సరంగు పెళ్లాన్ని చంపేశావేంటే?" అన్నాడు ఇస్మాయిల్.

ఆమె ఇంకో వాక్యం కొట్టేసింది. ఐదు వాక్యాలు మిగిలాయి. నా తొమ్మిది లక్షల్లో అంత బాగా కుదిరినవి మూడో నాలుగో.

యంత్రం వాటాలు చెప్పింది. ఇస్మాయిల్ నలభై ఒక శాతం. మిగతా ఇద్దరూ ముప్పై మూడు, ఇరవై ఆరు. నూకరత్నం సున్నా.

యంత్రం కనిపెట్టిన డాక్టర్ మృదులతో అన్నాను, "అసలు పని చేసింది ఆ పిల్లేనండీ."

"ఏ వాక్యం మాస్టారూ?"

"వాక్యం కాదు. కొట్టేసింది."

"పేజీలో లేనిదాన్ని ఎలా కొలవమంటారు? మీరు సంతకం చేయకపోతే నలుగురి ఫలితమూ ఆగిపోతుంది."

సంతకం చేశాను. ఏమీ అనిపించలేదు. నూకరత్నం కూడా ఏడవలేదు. మళ్లీ పరీక్ష ఎప్పుడని అడిగి వెళ్లిపోయింది.

మరుసటి ఏడు ఆమె కొత్త గ్రూపులో కూర్చుంది. పెన్ను వంతులవారీగా తిరిగింది. తలొకరికీ సరిగ్గా ఇరవై ఐదు శాతం.

"ఇంత సమంగా ఎప్పుడూ రాలేదు మాస్టారూ," అని డాక్టర్ మృదుల మురిసిపోయారు.

నాలుగు పేజీల కథకి సారాంశం పదకొండు పేజీలు.

"ఒక్కటీ కొట్టేయాలనిపించలేదా అమ్మా?" అన్నాను.

"అనిపించిందండి," అంది నూకరత్నం. "ఎవరి మాట కొట్టినా వాళ్ల వాటా తగ్గి తప్పుతారు కదండీ."

ఆ ఏడు జిల్లాలో ఒక్కరూ తప్పలేదు. సారాంశాలు మోసుకెళ్లడానికి మూడు లారీలు వచ్చాయి. ఇది మాత్రం నేను పెంచి చెప్పడం లేదు.