చీకటి గదిలో మీటర్ చప్పుడు

ఆ గదికి మంచి పేరు లేదు.

ఐర్లండ్‌లో ఒక పెద్దాసుపత్రి... ఏ ఊరన్నది వదిలేద్దాం. దాని కింది అంతస్తులో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం. పొడుగాటి వరండా, ఆ కొసన ఒక చిన్న గది. ఒకప్పుడు పేషెంట్లను కూర్చోబెట్టేవారట. కొత్త గది వచ్చాక దాన్ని వదిలేశారు. పొద్దుగూకితే క్లీనర్లు కూడా అటు పోరు.

"లోపల ఎవరూ ఉండరు మైథిలీ... కానీ మీటర్ మోగుతుంది. నేనే రెండుసార్లు విన్నాను. ఒక్కదానివే వెళ్ళకు," అని కేరళ నర్సు ఫెబి, మైథిలి ఉద్యోగంలో చేరిన వారంలోనే చెవిలో వేసింది.

మైథిలి నవ్వేసింది. ఖమ్మం పిల్ల. స్కానింగ్ మిషన్ల మధ్య పదేళ్ళు పనిచేసిన మనిషి.

అక్కడి పని ఇదీ. పేషెంటు నరంలోకి రవ్వంత రేడియోధార్మిక మందు ఎక్కిస్తారు. అది కిడ్నీల్లోకి ఎలా చేరుతోందో, ఎలా బయటికి పోతోందో కెమెరా చూస్తుంది. ఏ కిడ్నీ ఎంత పని చేస్తోందో తేలిపోతుంది. సాయంత్రం మూసేముందు ఒకరు రేడియేషన్ మీటర్ పట్టుకుని గది గదీ తిరగాలి... మందు ఎక్కడైనా ఒలికిందేమోనని. ఒలికినచోట అది టిక్ టిక్ మని గోల పెడుతుంది.

ఆ డిసెంబరు సాయంత్రం ఆ వంతు మైథిలిది. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చింది. టైం ఐదు దాటింది. బయట నాలుగున్నరకే చీకటి పడిపోయింది. వాన. మిగతావాళ్ళంతా వెళ్ళిపోయారు.

కెమెరా గది... నిశ్శబ్దం. ఇంజెక్షన్ గది... నిశ్శబ్దం. వరండాలోకి వచ్చింది.

టిక్.

ఆగింది. నాలుగడుగులు వేసింది.

టిక్... టిక్... టిక్ టిక్.

మీటర్‌ని గోడకేసి తిప్పింది. తగ్గింది. చివరి గదికేసి తిప్పింది... పెరిగింది.

తలుపు అద్దంలోంచి చూసింది. లోపల చీకటి. అక్కడి దీపాలకి స్విచ్చి ఉండదు. మనిషి మెదిలితే వెలుగుతాయి, ఎవరూ లేకపోతే వాటంతటవే ఆరిపోతాయి. అంటే లోపల ఎవరూ లేరు. ఉండటానికి వీల్లేదు.

మరి ఈ చప్పుడు?

ఫెబికి ఫోన్ చేద్దామా అనుకుంది. ఏమని చెప్పాలి? పిడి తిప్పి, తలుపు జానెడు తెరిచింది. చెవులు గింగుర్లెత్తేలా మీటర్ మోగింది.

అప్పుడు... ఆ చీకట్లోంచి... తెలుగులో...

"రామాక తల్లీ... దగ్గరికి రామాక..."

మైథిలి చేతిలోంచి మీటర్ జారి కిందపడింది. వెనక్కి తిరగబోయి తడబడింది. పడబోయి తలుపు పట్టుకుంది, తలుపు బార్లా తెరుచుకుంది...

భళ్ళున దీపాలు వెలిగాయి.

మూల కుర్చీలో ఒక పెద్దాయన. తలకి మంకీ క్యాప్, చేతి మీద ఇంజెక్షన్ పట్టీ. రెండు చేతులూ అడ్డంపెట్టి, గోడలోకి దూరిపోయేటట్టు కూర్చున్నాడు.

"ఎ... ఎవరండీ మీరు?"

"పున్నయ్యనమ్మా. చీరాల. పొద్దున ఫోటో తీశారు. నా ఒంట్లో మందుంది, కడుపుతో ఉన్నోళ్ళు దగ్గరికి రాకూడదంట."

"నేను కడుపుతో లేనండీ!"

"నాకేం తెలుసు తల్లీ, చీకట్లో."

సంగతి ముక్కలు ముక్కలుగా బయటపడింది. అల్లుడు శ్యాంకి రెండు కిడ్నీలూ పోయాయి. తనది ఒకటి ఇస్తానని పున్నయ్య ముందుకొచ్చాడు. ఇచ్చేముందు చేసే పరీక్షే ఇది. కూతురు శ్రావ్యకి ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. కడుపుతో ఉంది కాబట్టి ఆమెను లోపలికి రానివ్వలేదు. స్కాన్ చేసిన ఐరిష్ అమ్మాయి బొజ్జ మీద చెయ్యి పెట్టి చూపించి, ఆరు వేళ్ళెత్తి, ఏదో చెప్పింది. ఆరు గంటలు పిల్లకి దూరంగా ఉండాలని ఈయనకి అర్థమైంది. కారులో పక్కనే కూర్చోవాలి కదా... అందుకే ఎవరూ లేని గది వెతుక్కున్నాడు. మెదలకుండా కూర్చున్నాడు. దీపం ఆరిపోయింది.

"అప్పట్నుంచీ ఇక్కడేనా? అన్నం?"

"నీళ్ళు తాగాను. ఎంత తాగితే అంత తొందరగా పోద్దంట కదా."

ఫోన్ స్కానప్పుడు ఆపినది ఆపినట్టే ఉంది. ఆన్ చేస్తే నలభై ఒక్క కాల్స్. పైన శ్రావ్య గార్డ్స్‌కి, అంటే అక్కడి పోలీసులకి కూడా చెప్పేసింది. సెక్యూరిటీ మనిషి ఈ తలుపు దాకా రెండుసార్లు వచ్చాడు, చీకటి చూసి వెనక్కి పోయాడు.

మైథిలి ఆమెను వరండా మొదటికి రప్పించింది. శ్రావ్య ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది.

"ఆగవే! అక్కడే ఆగు!" పున్నయ్య అరిచాడు.

"బాబాయ్, ఒక్కసారి దగ్గరికి తీసుకుంటే ఏం కాదు," అంది మైథిలి.

వినలేదాయన. మీటర్ వైపు చూపించాడు. "దాన్ని అడుగు."

మైథిలి మీటర్ పట్టుకుని ఆయన దగ్గర్నుంచి వెనక్కి నడిచింది. ఒకటి, రెండు... ఐదో అడుగుకి టిక్కులు పలచబడి దాదాపు ఆగిపోయాయి. అక్కడ నేల మీద తెల్ల టేపు అంటించింది. శ్రావ్య ఆ టేపు దగ్గర నిలబడింది. తండ్రి ఇవతల.

"భయపడి చచ్చాను నాన్నా."

"నేను కూడా. పిల్ల కదులుతోందా?"

"ఇప్పుడే తన్నింది."

"ఆఁ... చెప్పు, అక్కణ్ణుంచే చెప్పు."

ఆయన కారెక్కలేదు. టాక్సీ పిలిపించి వెనక సీట్లో కూర్చున్నాడు. శ్రావ్య తన కారులో ఆ టాక్సీ వెనకే ఇంటిదాకా వెళ్ళింది. కిడ్నీలు రెండూ బాగున్నాయని తర్వాత రిపోర్టు వచ్చింది. వేసవిలో డబ్లిన్‌లో ఆపరేషన్ అయింది. శ్యాం ఇప్పుడు ఆఫీసుకి వెళ్తున్నాడు.

మైథిలి మాత్రం అప్పట్నుంచీ ఆ తలుపు నేరుగా తెరవదు. ముందు తడుతుంది. "ఎవరండీ లోపల?" అని తెలుగులోనే అడుగుతుంది. జవాబు రాకపోతేనే తీస్తుంది.

ఇప్పటిదాకా ఎప్పుడూ జవాబు రాలేదట.

ఒక్కసారి తప్ప... ఆ రోజు ఆమె తలుపు తియ్యలేదు. ఏం వినిపించిందో, ఎంత అడిగినా చెప్పదు.