రిలే టక్కుమన్న సాయంత్రం

కొత్తగూడ ఫ్లైఓవరు దిగి ఎడమచేతి సందులోకి తిరిగితే ఓ ఐదంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది. దాని కింద సెల్లారు. పట్టపగలు కూడా అక్కడ లైటు వేసుకోవలసిందే. ఆ సెల్లారు చివర, లిఫ్టుకి అవతల గోడవారగా, ఒక తెల్లకారు ఏడాదిగా కదలకుండా ఉంది. దుమ్ముపట్టి తెలుపంతా బూడిదరంగుకి తిరిగింది. పిల్లలు దాని అద్దం మీద వేలితో బొమ్మలు వేసేవారు. పుణ్యవతి మాత్రం రోజూ పూజయ్యాక లిఫ్టు దిగి వచ్చి, ముందు తలుపు కొంగుతో తుడిచి, కాసేపు వెనక సీట్లో కూర్చుని వెళ్ళేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. భర్త పోయిన మనిషి, కూర్చోనీలే అనుకునేవారు.

ఆ కారు ఆవిడ భర్త విశ్వేశ్వరరావుది. ఆయన కరెంటు సబ్‌స్టేషన్లో పనిచేసి రిటైరైన మనిషి. రిలేలంటే ఆయనకి పిచ్చి ఇష్టం. అగ్గిపెట్టంత డబ్బా అట అది. దానికి సన్నని తీగతో ఇంత కరెంటు అందిస్తే, లోపల చిన్న రేకు టక్కున అతుక్కుని, అవతల పెద్ద కరెంటుకి దారి ఇస్తుందట.

"చూశావా పుణ్యం, తాళంచెవి తిప్పితే ఇంజను లేవదు. తాళంచెవి రిలేకి చెబుతుంది. రిలే బ్యాటరీ కరెంటుని మోటారుకి వదులుతుంది. ఆ మోటారు తిరిగి ఇంజన్ని లేపుతుంది," అని అన్నం తింటూ కూడా చెప్పేవారు.

"మీ అమ్మగారు నాతో చెప్పవలసింది మీతో చెప్పి పంపేవారు, అలాగన్నమాట," అనేది పుణ్యవతి.

పక్క అపార్ట్‌మెంటులో ఎవరిదో కారు దొంగలెత్తుకుపోయారని తెలిసిన రోజున ఆయన ఓ పనిచేశారు. రిలేకి వెళ్ళే ఆ సన్నని తీగని మధ్యలో తెంపి, కారులో ఎక్కడో చిన్న బటన్ దాచిపెట్టారు. అది ఒక చేత్తో నొక్కిపట్టి రెండో చేత్తో తాళం తిప్పితేనే బండి లేస్తుంది. లేకపోతే చచ్చినా కదలదు.

"ఎక్కడ పెట్టారండీ?" అని అడిగింది ఆవిడ.

"నీకు చెబితే సెంటర్లో మైకు పెట్టినట్టే. తర్వాత చెబుతాలే."

ఆ తర్వాత రానేలేదు. నెల తిరగకుండానే, ఒక పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఆయనకి గుండెలో పట్టేసింది. కూతురు కృష్ణప్రియ పరుగున వచ్చి లిఫ్టులో దింపి, కారు ముందు సీట్లో వెనక్కి వాల్చి పడుకోబెట్టి, తాను స్టీరింగు ముందు కూర్చుంది. పుణ్యవతి వెనక ఎక్కి, రెండు సీట్ల మధ్యలోంచి ముందుకి వంగింది. ఆయన దవడలు బిగుసుకుపోయాయి. నోరు తెరిచినా మాట రాలేదు. కుడిచెయ్యి ఒక్కటే లేచి, సీట్ల మధ్యలోంచి వెనక్కి, ఆవిడ వైపు వచ్చింది.

ఇన్నేళ్ళ కాపురంలో నలుగురి ఎదుట ఆవిడ చెయ్యి పట్టుకున్న మనిషి కాదాయన. గుళ్ళో కూడా నాలుగడుగులు ముందు నడిచేవారు. ఆ చెయ్యి అలా రాగానే ఆవిడ రెండు చేతులతో అందుకుని గుండెకి అదుముకుంది. ఆ వేళ్ళు ఆవిడ అరచేతిలో కదిలాయి... ఏదో చెబుతున్నట్టు. కృష్ణప్రియ తాళం తిప్పుతూనే ఉంది. బండి లేవలేదు. వాచ్‌మన్ ఆటో పిలుచుకొచ్చేసరికి ఆ వేళ్ళ కదలిక ఆగిపోయింది.

ఆ ఏడాదీ పుణ్యవతిని బతికించింది ఆ చెయ్యే. పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పేది. "చివరికి నా చెయ్యి కోసం వెతుక్కున్నారమ్మా. నా చేతిలో చెయ్యి పెట్టే వెళ్ళారు." అది చెప్పుకున్న రోజు రాత్రి నిద్రపట్టేది. అంతకు మించి ఆవిడ దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

బండి ఊరికే తుప్పు పట్టిపోతోంది, అమ్మేద్దామన్నాడు అల్లుడు యశ్వంత్. ఆవిడ ఎన్నాళ్ళో ఒప్పుకోలేదు. చివరికి, వానలు పడుతున్న రోజుల్లో, సరేనంది. ఆ మధ్యాహ్నమే మెకానిక్ మధుకర్ కొత్త బ్యాటరీ తెచ్చి బిగించాడు. తాళం తిప్పాడు. హారను నొక్కితే మోగింది. అంతే.

"ఏంది అమ్మా గిది, టక్కు అని కూడా అంటలేదు! సార్ బటన్ మస్తుగ దాచిపెట్టిండు." సీట్ల కింద, డ్యాష్‌బోర్డు కింద తడిమి తడిమి లేచాడు. "ఇగ రేపు పొద్దుగాల వచ్చి వైర్లన్నీ ఇప్పి సీదా కలిపేస్తా. ఫికర్ చెయ్యకు."

"ఆ ముందు సీటు మాత్రం లేపకు నాయనా. అలాగే వాలి ఉండనీ," అంది పుణ్యవతి.

మధుకర్ ఆవిడ మొహంలోకి చూసి సామాను సర్దుకున్నాడు.

సాయంత్రానికి వాన ముదిరింది. మబ్బుకి ఆరు కాకముందే చీకటి పడింది. కరెంటు పోయింది. మనవరాలు హర్షిణికి ఆయాసం ఉంది, చల్లగాలి తగిలితే ఎక్కువవుతుంది. ఆ పూట పీల్చే మందు డబ్బా నొక్కితే గాలి తప్ప ఏమీ రాలేదు. పిల్ల గుండెల్లోంచి సన్నగా ఈల వేసినట్టు చప్పుడు మొదలైంది. పెదాలు నల్లబడుతున్నాయి. యశ్వంత్ వాళ్ళ కారుతో ఆఫీసు దగ్గరి నీళ్ళలో ఇరుక్కుపోయాడు. క్యాబులు ఒప్పుకున్నట్టే ఒప్పుకుని వద్దంటున్నాయి. అంబులెన్సు ఫ్లైఓవరు మీద ఆగిపోయిందన్నారు.

"నాన్న కారు," అంది కృష్ణప్రియ.

"అది లేవదుగదే..."

"కొత్త బ్యాటరీ వేశాడుగా. చూద్దాం రా అమ్మా!"

పిల్లని ఎత్తుకుని మెట్లు దిగారు. సెల్లారంతా చీకటి. ర్యాంపు మీదనుంచి నీళ్ళు జారుతున్న చప్పుడు. చీలమండల దాకా చల్లటి నీళ్ళు, పెట్రోలు వాసన, తడిసిన సిమెంటు వాసన. కృష్ణప్రియ ఫోను లైటు డ్యాష్‌బోర్డు మీద పెట్టి స్టీరింగు ముందు కూర్చుంది. పుణ్యవతి పిల్లని ఒళ్ళో వేసుకుని వెనక కూర్చుంది. కృష్ణప్రియ పక్కన ముందు సీటు, ఏడాది కిందట వాల్చింది వాల్చినట్టే ఉంది.

తాళం తిప్పింది. ఏమీ లేదు. మళ్ళీ తిప్పింది. ఏమీ లేదు. రిలే టక్కుమనడం కూడా లేదు.

"లేవవే... లేవవే తల్లీ..." కృష్ణప్రియ ఏడుస్తోంది. ఫోను లైటు మినుకుమని ఆరిపోయింది.

అప్పుడు వచ్చింది ఆ వాసన. ఇంట్లో ఆయన తీగలు అతికేటప్పుడు సీసం కరిగి లేచే పొగ వాసన. ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ ఆ పని చెయ్యలేదు.

ముందు సీటు కిర్రుమంది... బరువైన మనిషి ఒత్తిగిలినట్టు.

చీకట్లో ఏమీ కనపడటం లేదు. పుణ్యవతి మోకాలి మీద ఏదో ఆనింది. చల్లగా... తడిగా... మెల్లగా జరుగుతోంది. వేళ్ళు. చెయ్యి. సీట్ల మధ్యలోంచి వెనక్కి వస్తున్న చెయ్యి.

భయపడాలి కదా. ఆవిడకి భయం వెయ్యలేదు. ఒళ్ళంతా వెచ్చబడింది. ఆ లావాటి కణుపులు, సీసం చుక్కలకి కాలి గట్టిపడ్డ ఆ చూపుడువేలు, ఆవిడకి తెలియనివా! రెండు చేతులతో గబుక్కున అందుకుని గుండెకి అదుముకుంది.

"వచ్చారా..." అని గొణిగింది.

"ఎవరితో అమ్మా?" అంది కృష్ణప్రియ. తాళం తిప్పుతూనే ఉంది. ఏమీ లేదు.

ఆ చెయ్యి కదిలింది. ఆనాడు కదిలినట్టే ఆవిడ అరచేతిలో వేళ్ళు కదిలాయి. ఆవిడ ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి గుంజుకుంది. కిందికి... పక్కకి... హ్యాండు బ్రేకు వెనక్కి. ఆవిడ పట్టు వదల్లేదు. ఆ చెయ్యి మళ్ళీ గుంజుకుంది, ప్రాణం మీదికొచ్చినవాడు గుంజుకున్నట్టు.

పుణ్యవతికి అప్పుడు అర్థమైంది.

ఆయన వెతుక్కున్నది తన చెయ్యి కాదు.

ఆ రోజూ కాదు. బటన్ అక్కడే ఉంది, సీట్ల మధ్య, హ్యాండు బ్రేకు వెనకాల. ఆయన దాన్ని నొక్కాలని చెయ్యి చాపారు. నొక్కి ఉంటే బండి లేచేది. ఆస్పత్రికి చేరేవారేమో. తాను ఆ చెయ్యి పట్టుకుంది. విడిపించుకోబోతే ఇంకా గట్టిగా పట్టుకుంది. ఊపిరి పోయేదాకా ప్రేమగా పట్టుకుని కూర్చుంది.

ఒళ్ళో పిల్ల ఈల సన్నబడుతోంది... సన్నబడుతోంది...

ఏడాదిగా ఆవిడ బతుకంతా ఆ పట్టులోనే ఉంది. ఇప్పుడు వదిలితే ఇక చెప్పుకోవడానికి ఏముంది? ఎవరికి చెబుతుంది?

"వెళ్ళండి," అంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. ఆ చెయ్యి జారి, హ్యాండు బ్రేకు వెనక పరిచిన చాప కిందికి దూరింది. చిట్ అని చిన్న చప్పుడు.

"ఇప్పుడు తిప్పవే!"

టక్.

బానెట్టు కింద రిలే పలికింది. మోటారు గుర్రుమని తిరిగింది. ఇంజను లేచింది. లైట్లు వెలిగి సెల్లారు నీళ్ళు తళుక్కుమన్నాయి. కృష్ణప్రియ అమ్మవైపు ఒక్కసారి తిరిగి చూసి, బండి ర్యాంపు ఎక్కించింది. దారి పొడుగునా ముందు సీటు వంక చూడకుండా నడిపింది.

ఆస్పత్రి కొండాపూర్‌లో మెయిన్‌రోడ్డు మీదే ఉంది. పోర్టికోలో ఆగీ ఆగకముందే కృష్ణప్రియ తాళంచెవి లాగేసి, పిల్లని భుజాన వేసుకుని లోపలికి పరుగెత్తింది. పుణ్యవతి చీర తడిసి బరువెక్కి, మెల్లగా దిగి నిలబడింది.

టక్.

బానెట్టు కింద.

టక్... టక్...

తాళంచెవి కూతురి చేతిలో వెళ్ళిపోయింది. బండిలో ఎవరూ లేరు. అయినా రిలే పలుకుతూనే ఉంది, ఎవరో ఆ బటన్ని నొక్కుతూ వదులుతూ, నొక్కుతూ వదులుతూ ఉన్నట్టు. పాపం, ఆయన ఇంకా ఆ పొద్దుటి దగ్గరే ఉన్నారు. ఇంకా సెల్లారులోనే ఉన్నారు. బండి ఇంకా లేవలేదనే అనుకుంటున్నారు.

ఆవిడ కళ్ళనీళ్ళు వానలో కలిసిపోయాయి. వెళ్ళి ముందు తలుపు తెరిచింది.

"వచ్చేశామండీ. ఆస్పత్రికి వచ్చేశాం. దిగండి."

టక్కుమనడం ఆగింది. బండి ఆ పక్కన కాస్త పైకి లేచింది, మనిషి దిగితే లేచినంత.

లోపల హర్షిణిని మంచం మీద కూర్చోబెట్టి మూతికి మాస్కు పెట్టారు. పక్కన చిన్న మిషను బుర్రుమంటూ మందుని ఆవిరి చేసి పంపుతోంది. ఈల తగ్గుతోంది. పెదాలకి రంగు వస్తోంది. "అమ్మమ్మా," అంది పిల్ల మాస్కులోంచి. పుణ్యవతి గోడకి ఆనుకుని కూలబడింది.

ఓ నర్సమ్మ పక్క తెర వెనకనుంచి వచ్చింది.

"అమ్మా, మీ కారులో ముందు సీట్లో వచ్చిన పెద్దాయన మీవారేనాండి? ఆయనే నడిచొచ్చి పడుకున్నారు. కారులో వెనక కూర్చున్నావిడని పిలవమంటున్నారు."

కృష్ణప్రియ తెల్లబోయింది. "ముందు సీట్లో ఎవరూ రాలేదు సిస్టర్. అమ్మా, వెళ్ళకు. అమ్మా!"

పుణ్యవతి అప్పటికే లేచింది. తెర కింద మంచం కోళ్ళు కనిపిస్తున్నాయి. కోళ్ళ దగ్గర నేలంతా నీళ్ళు. తెర అంచు పక్కనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ఈసారి కిందికి, పక్కకి ఎక్కడికీ పోలేదు. అరచెయ్యి పైకి పెట్టి, అలా ఆగింది.

ఇవ్వకుండా ఎలా ఉంటుంది ఆవిడ? ఇచ్చింది. ఆ వేళ్ళు ముడుచుకున్నాయి. నిజంగానే, ఆవిడ చెయ్యి కోసమే.

కరెంటు పోయింది.

చీకట్లో మిషను బుర్రుమనడం ఆగిపోయింది. పిల్ల ఊపిరిలో మళ్ళీ ఈల. "జనరేటర్ వస్తదమ్మా, ఇప్పుడే వస్తది," అని ఎవరో అరిచారు. పెరటి వైపు, జనరేటర్ దగ్గరనుంచి చప్పుడు వినిపించింది.

టక్.

ఇంజను లేవలేదు.

టక్... టక్...

"అమ్మా!" కృష్ణప్రియ కేక పెట్టింది. "ఊపిరి ఆడట్లేదమ్మా దీనికి!"

ఆ పట్టు విడిపోతేనే ఇంజను లేస్తుందని ఈసారి పుణ్యవతికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వెంటనే వేళ్ళన్నీ విప్పేసింది. "వదిలేశానండీ," అని గొణిగింది. "చూడండి, వదిలేశాను. ఏవండీ... పిల్ల... వదిలేశాను కదా..."

టక్...

ఆ చెయ్యి వదల్లేదు.