మూడో నంబరు పాట

కుక్కర్ విజిల్ మీద విజిల్ వేస్తోంది. బాత్‌రూంలో దివ్యకు తలంటుతున్న త్రివేణి అక్కడి నుంచే స్టవ్ కట్టేయమని కేక పెట్టింది, మళ్ళీ పెట్టింది. వంటగది గడప పక్కనే కుర్చీలో దశరథ్ చాయ్ గ్లాసు పట్టుకుని ఫోను చూసుకుంటున్నాడు. చెయ్యి చాపితే స్టవ్ అందుతుంది. చాపలేదు.

చివరికి సబ్బు చేతులతో ఆమే ఉరికి వచ్చి కట్టేసింది. పప్పు మాడిన వాసన గుప్పుమంది.

"పక్కనే కూసున్నవు, జెర బంద్ చెయ్యరాదా?"

అతను తలెత్తి చూసి నవ్వాడు. "ఆఁ, మంచిగున్నది చాయ్."

వెక్కిరిస్తున్నాడో, పరధ్యానమో ఆమెకు అర్థం కాలేదు. అంతలో వాకిట్లోంచి అత్త ముత్యమ్మ, నీళ్ళ క్యాన్ ఎత్తి లోపల పెట్టమని కొడుకును పిలిచింది. గ్లాసు కింద పెట్టి ఠక్కున లేచి వెళ్ళాడు. త్రివేణి అటే చూసింది. వాళ్ళమ్మ పిలిస్తే ఒక్క పిలుపుకే లేస్తాడు. తన మాటకు మాత్రం చెవి లేదు.

నైట్ షిఫ్ట్ చేసి అలసి వచ్చిన మనిషి అనుకుని సర్దుకోవడం ఆమెకు అలవాటే. కానీ ఈ సర్దుకోవడం ఏడాది పొడుగునా సాగుతోంది.

ఇంటర్ సగంలో ఉండగానే పెళ్ళి చేసి పంపితే, జోగిపేట నుంచి గడ్డపోతారం పక్కన ఈ రెండు గదుల కిరాయి ఇంటికి వచ్చింది త్రివేణి. కిటికీ తెరిస్తే మందుల ఫ్యాక్టరీల ఘాటు. తెలిసినవాళ్ళు లేరు. మొగుడా, మాట తక్కువ మనిషి. ఆ మొదటి డిసెంబరులో ఒక ఆదివారం, ఈ ఏడాది వచ్చిన పాటల్లో నీకు ఏది నచ్చిందని ఉన్నట్టుండి అడిగాడు. ఆమె వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ ఆలోచించి ఆలోచించి సాయంత్రానికి చెప్పింది. పకపకా నవ్వాడు. అది తన లెక్కలో పదో నంబరులో కూడా లేదన్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది. అలా మొదటిసారి గొంతులు లేచాయి. ఆ ఇంట్లో ఆమెకు భయం పోయిన రోజు అదే.

అప్పటి నుంచి ప్రతి డిసెంబరు చివరి ఆదివారం వాళ్ళింట్లో పాటల పంచాయితీ. పదో నంబరు దగ్గర మొదలుపెట్టి ఒక్కో పాటా పెట్టుకుంటూ, కొట్లాడుకుంటూ మొదటి నంబరు దాకా రావాలి. ఆ పైన, పాటలన్నీ బాగున్న సినిమా ఏదో కూడా తేల్చాలి. వాదనలో ఓడినవాళ్ళు యాదన్న బండి దగ్గర మిర్చి బజ్జీలు తేవాలి. జనం పొలం గట్ల కోసం తన్నుకుంటరు, వీళ్ళు పాటల కోసం తన్నుకుంటరని ముత్యమ్మ నవ్వేది.

పోయిన ఏడాదైతే గోరింటాకు పాట మీద పెద్ద గొడవే జరిగింది. త్రివేణి దానికి మొదటి నంబరు ఇచ్చింది. పాడినామె చెంచాతో గిన్నె గీకినట్టు పాడిందని దశరథ్ అన్నాడు. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు బజ్జీల పొట్లం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి, "పాట మాత్రం బేకారే," అని మరీ వెళ్ళాడు.

ఆ మనిషి ఈ ఏడాది ఏమైపోయాడు? ఫ్రిజ్ మీది స్పీకర్‌కు దుమ్ము పట్టింది. కొత్త పాట పెడితే మంచిగుంది అంటాడు, ఏది పెట్టినా అదే మాట. మొన్న దివ్య వెనక నుంచి డాడీ డాడీ అని పిలిచి పిలిచి, డాడీకి కోపం వచ్చిందని ఏడుస్తూ వచ్చింది. రాత్రంతా త్రివేణికి ఒకటే ఆలోచన. చదువు లేని దాన్ని చేసుకున్నానని ఇప్పుడు అనిపిస్తోందా? ఫ్యాక్టరీలో ఇంకెవరన్నా ఉన్నారా? ఎవర్ని అడుగుతుంది?

ఇదిగో, ఆ ఆదివారం రానే వచ్చింది. అతనికి సెలవు. త్రివేణి చాయ్ పెట్టి, స్పీకర్ తుడిచి ముందర పెట్టింది.

"పదో నంబరు నీదేంది?"

"నువ్వు చెప్పు. నువ్వు చెప్పిందే నాది."

ఆమె చెప్పింది. తలూపాడు. తొమ్మిది, ఎనిమిది, ఏడు. అన్నిటికీ అదే తలూపుడు. చిన్న అడ్డంకి లేదు, ఒక్క వెక్కిరింత లేదు. ఇదైనా కదిలిస్తుందేమో చూద్దామని ఆమె ఫోనులో పోయిన ఏడాది గోరింటాకు పాట వెతికి పెట్టింది.

"ఇది కొత్తది. మొన్ననే వచ్చింది. ఎన్నో నంబరు ఇస్తవు?"

అతను స్పీకర్ వైపు కొంచెం తల వంచి విన్నాడు. దరువుకు కాలు ఆడించాడు. పాట అయ్యాక ఆమె ముఖంలోకి చూసి, "మంచిగున్నది. మూడో నంబరియ్యి," అన్నాడు.

త్రివేణి గ్లాసు పక్కన పెట్టేసింది. రెండు రోజులు మాటలు మానేసిన పాట. గుర్తు కూడా లేదు. అంటే తనతో పోట్లాడింది కూడా గుర్తులేదు. ఆమె ముఖం అటు తిప్పుకుని గోడ వైపు చూస్తూ, ఏడాదిగా దాచుకున్నదంతా కక్కేసింది. నాతోని కూసోవుడు ఇష్టం లేకుంటే లేదని చెప్పు అంది. పసిపిల్ల పిలిచినా పలకని తండ్రివి నువ్వేం తండ్రివంది. ముత్యమ్మ లోపలికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇటు తిరుగు," అన్నాడు దశరథ్.

"ఎందుకు తిరగాలె? మీ అమ్మ పిలిస్తే లేస్తవు. నేనంటే లెక్క లేదు నీకు."

"త్రివేణీ, ఇటు తిరిగి చెప్పు. నీ మూతి కనబడకుంటే నువ్వేమంటున్నవో నాకు తెలుస్తలేదు."

ఆమె తిరిగింది.

అప్పుడు చెప్పాడు, నేల చూపులు చూస్తూ. తను పని చేసేది పొడి చేసే మిషన్ పక్కన. ఆ మోత ఆపడానికి ఇచ్చిన ప్లగ్గులు చెవుల్లో పెట్టుకుంటే అవతలి వైపు మనిషి ఆపు అని అరిచినా వినబడదు, ఎవరి చెయ్యి లోపలికి పోతుందో అని భయపడి జేబులో పెట్టుకునేవాడు. ఆ మోతకు ముందు విజిళ్ళు వినబడడం పోయింది. తర్వాత ఆడవాళ్ళ గొంతులు. ఎడమ చెవి దాదాపు లేనట్టే. అమ్మ మాట్లాడితే మైకులో మాట్లాడినట్టు ఉంటుంది కాబట్టి ఆ ఒక్కటీ అందుతోంది. కాంట్రాక్టు పని, తెలిస్తే రేపటి నుంచి రావద్దంటారని ఎవరికీ చెప్పలేదు.

"మరి నాకు?" అంది త్రివేణి. "నాకెందుకు చెప్పలే?"

"పాటల్ల దరువొక్కటే తెలుస్తుంది. పాడేటోళ్ళు తెలుస్తలేరు. నీకు చెప్తే ఈ ఆదివారం గూడ ఉండదేమోనని." అతను స్పీకర్ వైపు చూశాడు. "ఏడాదంతా దీనికోసమే సూసిన."

త్రివేణికి ఒక్కొక్కటే కళ్ళ ముందు తిరిగింది. మాడిన పప్పు. మంచిగున్న చాయ్. మాట్లాడేటప్పుడు తన పెదవుల వంకే చూసిన చూపు. ఆ చూపును తను ఏమేమో అనుకుంది. ఇంట్లోనే ఉండి మనిషి తన మాట కోసం ఇంత ఒంటరిగా వెతుక్కుంటున్నాడని ఒక్కసారన్నా తట్టలేదు.

వీధి చివరి దాకా గొంతు వినబడే ముత్యమ్మ గడప మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

త్రివేణి కళ్ళు తుడుచుకుంది. రేపు పొద్దున్నే సంగారెడ్డి ఆసుపత్రికి పోవాలని, నౌకరి సంగతి ఆ తర్వాత చూసుకుందామని, ఒక్కో మాటా అతనికి కనబడేలా చెప్పింది. అతను కాదనలేదు. ఆమె దివ్యను ఎత్తుకొచ్చి అతని కుడి తొడ మీద కూర్చోబెట్టింది.

"ఇక్కడి నుంచి పిలువు బిడ్డా. చెవి దగ్గర."

దివ్య రెండు చేతులూ దోసిలి చేసి తండ్రి చెవికి ఆనించి, గట్టిగా డాడీ అంది. దశరథ్ ఉలిక్కిపడి కూతురి వైపు తిరిగాడు. 

తర్వాత త్రివేణి వైపు చూసి, "మరి మొదటి నంబరు ఏది?" అనడిగాడు.

త్రివేణి ఎన్నడూ ఎవరి ముందూ పాడలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు చాటున కూనిరాగం తీయడమే. అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కుడి చెవికి చెయ్యి అడ్డం పెట్టి, ఈ ఏడాది తన మొదటి పాట పాడింది. గొంతు తగ్గించకుండా, అత్త ఉందని సిగ్గుపడకుండా, పల్లవి నుంచి చివరి చరణం దాకా.  అతను కళ్ళు మూసుకుని విన్నాడు.

పాట అయింది. కళ్ళు తెరిచాడు. తల అడ్డంగా ఊపాడు.

"గిది మొదటి నంబరా? గిదానికి రెండో నంబరే ఎక్కువ."

త్రివేణి నడుం మీద చెయ్యి వేసుకుని, చెంపల మీద నీళ్ళు కారుతుండగానే, వీధంతా వినబడేలా అంది.

"ఎట్ల ఎక్కువనో చెప్పు."

అతను కుర్చీ ముందుకు జరుపుకుని చెప్పడం మొదలుపెట్టాడు.