తుమ్ముకు ఆగిన ఊరు

చంద్రుడి మీద కాపురాలు పెట్టాక మనుషులకి వాన లేదు, వీధి లేదు, తగువు పెట్టుకోడానికి పక్కింటి కోడైనా లేదు. అందుకే డ్యూటీ దిగినవాళ్ళంతా కంప్యూటర్ ఆటల్లో దూరి, అక్కడి ఊళ్ళు తిరిగొస్తుంటారు. అలాంటి ఊరే గుమ్మడిపేట. కట్టింది సువర్చల.

గుమ్మడిపేటలో తీర్పులు చెప్పేవి గాడిదలు. వెటకారం కాదండోయ్, రెండు పక్షాల మాటా పూర్తిగా వినేంత చెవులు వాటికే ఉన్నాయి మరి. ఎంత వెర్రి సంగతికైనా కారణం ఉండి తీరాలన్నది సువర్చల పట్టు. అందుకోసమే హేతుయంత్రం అనే ఇంజిన్‌ని కనిపెట్టింది. దాని చలవ వల్ల ఆటలోని మనుషులు వాళ్ళంతట వాళ్ళే చూసి నేర్చుకుంటారు. ల్యాబ్‌లో ఆవిడ పొద్దుమీట నొక్కితే అక్కడ తెల్లారుతుంది.

తనిఖీ రోజున ఆవిడ నిన్నటి రికార్డు తిరగేస్తోంది. చేపలమ్మే రాజమ్మ గంప ఎత్తబోయి చటుక్కున కూలబడింది. గుక్కెడు నీళ్ళు తాగి అప్పుడు లేచింది. ఆవిడొక్కతే కాదు, గాడిదలతో సహా ఊరంతా అదే వరస. రికార్డు వెనక్కి తిప్పి వింటే, అంతకు ముందే ఎక్కడో తుమ్ము వినబడింది.

సువర్చల రికార్డు ఆపేసింది. ఆటలో మూఢనమ్మకం కనబడితే ఊరిని చెరిపేయాలని కాలనీ చట్టం. ఇలాంటి తుంటరి పని చేసేది ఒక్కడే, పక్క సీట్లో ముక్కు తుడుచుకుంటున్న ప్రోగ్రామర్ భూషణం.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు నువ్వు. నిజం చెప్పు, ఈ తుమ్ముల గోల నువ్వే దూర్చావు కదూ?"

"నా ముక్కుతోనే వేగలేక చస్తున్నానండీ. ఊరందరి ముక్కులూ నాకెందుకు?"

ఆవిడ నమ్మలేదు. యంత్రాన్నే అడిగింది. "ఈ అలవాటు ఎవరు పెట్టారు?"

"మీరే," అంది యంత్రం. "ల్యాబ్ మైకు వాళ్ళ ఆకాశంలోకి తెరిచి ఉంది. భూషణం గారు తుమ్మినప్పుడల్లా మీరు కూర్చుని, నీళ్ళు తాగి, అప్పుడు మీట నొక్కుతున్నారు. ఆకాశం తుమ్మితే వాళ్ళకి తెల్లారడం ఆలస్యమవుతుంది. చీకట్లో బయల్దేరినవాళ్ళు కాలవలో పడ్డారు. అందుకని ఆగుతున్నారు. వాళ్ళ అలవాటుకి కారణం ఉంది. మీ అలవాటుకే నాకు దొరకలేదు."

సువర్చలకి సిగ్గేసింది. "మరి మాన్పించడం ఎలా?"

"తుమ్మినా ఆగకుండా ఒక్కసారి తెల్లారిస్తే చాలు. వాళ్ళే మానేస్తారు."

ఇంతలో తనిఖీ అధికారి నరహరి గారు రానే వచ్చారు. మూఢనమ్మకాల పేరు చెప్పి ఎన్నో ఊళ్ళు చెరిపేసిన మనిషి. తెర ముందు నిలబడి, "ఊఁ, తెల్లారించండి," అన్నారు.

సువర్చల మీట మీద వేలు పెట్టింది. సరిగ్గా అప్పుడే భూషణం తుమ్మాడు.

కావాలనే తుమ్మాడా? అనుకుంది. ఏమైతేనేం, ఆగకూడదు. ఊరు దక్కాలంటే ఇదే అదను. పంటి బిగువున వేలు కదిపింది.

నరహరి గారు చప్పున ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"ఆగమ్మా, ఒంటి తుమ్ము. కాస్త కూర్చుని, గుక్కెడు మంచినీళ్ళు తాగి నొక్కు. పోయేదేముంది?"

ఆయనా కూర్చుని నీళ్ళు తాగారు. చేసేది లేక సువర్చలా తాగింది. ఆ తర్వాతే మీట నొక్కింది. గుమ్మడిపేటలో తెల్లారింది. ఊరు ఊరంతా చెంబులు పట్టుకుని కూర్చునే ఉంది. రాజమ్మ మనవరాలి నెత్తిన మెల్లిగా మొట్టి, "చూశావా, నే చెప్పలా?" అంటోంది.

నరహరి గారు గ్లాసు కింద పెట్టి, అనుమానంగా సువర్చల వైపు తిరిగారు.

"ఇదేమిటమ్మా, మీ ఊళ్ళో మూఢనమ్మకాలున్నాయే!"